అమ్మానాన్నలతో కయోటీ హిల్స్ చుట్టూ నడక: నాన్న మోకాలికి సరిపడుతుందా?

నౌపడా_వాడు
అందరికీ నమస్కారం. మేం కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో బే పక్కన యూనియన్ సిటీలో ఉంటాం. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చి మూడు వారాలైంది. అమ్మకి ఇబ్బంది లేదు, పెరట్లో కొత్తిమీర, మెంతికూర వేసుకుని కాలక్షేపం చేస్తోంది. సమస్యంతా నాన్నతోనే. 71 ఏళ్లు. కుడి మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది, బీపీకి మాత్ర వేసుకుంటారు. ఊళ్లో అయితే రోజూ తెల్లారకముందే లేచి రైలు గేటు దాకా నడిచొచ్చే మనిషి. ఇక్కడ సోఫా దిగడం లేదు. వీధిలో నడవమంటే "మనిషన్నవాడు కనబడడు, ఎవరి మొహం చూసి నడవాలిరా" అంటారు.

ఈ శనివారం ఫ్రీమాంట్ పడమటి చివరన ఉన్న కయోటీ హిల్స్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాను. అక్కడ కొండల చుట్టూ తిరిగొచ్చే బేవ్యూ ట్రెయిల్ మూడున్నర మైళ్లు, తారు వేసిన దారి అని చదివాను. వెళ్లినవాళ్లు చెప్పండి, నాన్న నడవగలరా? నీడ, బాత్రూమ్, కూర్చోడానికి బెంచీల సంగతి ఏమిటి?

చింతచిగురు
నడవగలరు తమ్ముడూ. మా అత్తగారూ మామగారూ వచ్చిన ప్రతిసారీ తీసుకెళ్తాం. కాకపోతే మూడున్నర మైళ్లంటే దాదాపు ఐదున్నర కిలోమీటర్లని ముందే గుర్తు పెట్టుకో. మనం గంటన్నరలో చుట్టేస్తాం, పెద్దవాళ్లతో రెండున్నర గంటలు వేసుకో.

గేటు ఎనిమిదికి తీస్తారు. ఆ టైముకే అక్కడుండు. పార్కింగ్ ఐదు డాలర్లు. గేటు దాటగానే ఒక పార్కింగ్ వస్తుంది, అక్కడ ఆపేయకు. అదే రోడ్డులో చివరిదాకా వెళ్తే విజిటర్ సెంటర్ దగ్గర ఇంకోటి ఉంటుంది, నడక అక్కడి నుంచి మొదలుపెట్టు. లేకపోతే ఆ దూరం కూడా మీ నాన్నగారి మోకాలి లెక్కలో పడుతుంది.

అసలు విషయం, ఎటు నుంచి తిరగాలన్నది. విజిటర్ సెంటర్ దగ్గర నిలబడి ఉత్తరం వైపు వెళ్లు. అంటే చిత్తడి నేల నీ కుడిచేతి వైపు, కొండ ఎడమచేతి వైపు ఉండాలి. ఆ భాగం చదునుగా ఉంటుంది, కాళ్లు కాస్త వేడెక్కుతాయి. కొండ చివర తిరిగాక బే (శాన్ ఫ్రాన్సిస్కో బే, సముద్రపు పాయ) కనిపిస్తుంది. అక్కడి నుంచి దారి చిన్న చిన్న ఎత్తుపల్లాలుగా పోతుంది. పెద్ద ఎక్కుడు కాదు గానీ, దిగుడులో మోకాలు పట్టేస్తుంది, చెయ్యి పట్టుకో.

నీడ లేదు. మళ్లీ చెప్తున్నాను, లేదు. టోపీలు, తలా ఒక నీళ్ల సీసా.

ఎత్తుకొండ
బ్రో, ఏమనుకోకు గానీ అది హైక్ కాదు, తారురోడ్డు. పైగా సెప్టెంబర్‌లో కొండంతా ఎండిన గడ్డి, చూడ్డానికి ఏముంటుంది? మిషన్ పీక్ తీసుకెళ్లు. 2,517 అడుగులు. పైనున్న స్తంభం దగ్గర ఫోటో తీసి ఊళ్లో గ్రూపుకి పంపితే అంకుల్ హీరో అయిపోతారు.

చింతచిగురు
ఆ హీరోయిజం మా ఇంట్లో ఒకసారి అయింది. మా ఆయన మాట విని అత్తగారిని మిషన్ పీక్ ఎక్కించాం. రెండు వేల అడుగుల ఎక్కుడు, రానూ పోనూ ఆరు మైళ్లు, ఒక్క చెట్టు నీడ లేదు. సగం దారిలో ఆవిడ ఒక బండ మీద కూర్చుని "నన్నిక్కడే వదిలేసి మీరు వెళ్లండమ్మా, నాకే బాధా లేదు" అన్నారు. అది శాంతంగా అన్నారు చూడండి, దానికే నాకు భయమేసింది. ఫోటో మాత్రం ఉంది, బండ దగ్గర.

మినపట్టు
ఆ బండకి మీ అత్తగారి పేరు పెట్టాలండీ.

సన్నజాజి
నేను బాబుని స్ట్రోలర్‌లో పెట్టుకుని చాలాసార్లు ఈ చుట్టు వేశాను. చక్రాలు ఎక్కడా ఇరుక్కోవు. రెండే జాగ్రత్తలు.

ఒకటి, సైకిళ్లు. బే వైపు దిగుళ్లలో జోరుగా వస్తారు. మనవాళ్లు దారికి అడ్డంగా నలుగురూ ఒకే వరసలో కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు కదా (నేనూ అంతే), కుడిపక్కకి ఉండమని ముందే చెప్పండి.

రెండోది, బాత్రూమ్. విజిటర్ సెంటర్ దగ్గర ఉంది. కొండ అవతల, బే వైపు నాకెక్కడా కనబడలేదు. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువయ్యేలా చేసేవి ఉంటాయి. మా నాన్నగారిది అలాంటిదే. అంకుల్‌గారిది ఏ రకమో కనుక్కోండి. ఆ రకమైతే, పొద్దున మాత్ర తిరిగొచ్చాక వేసుకోవచ్చా అని డాక్టర్‌ని ఒక మాట అడగండి.

గులకరాయి
"ఎండిన గడ్డి, చూడ్డానికి ఏముంటుంది" అన్న మాటకి ఒక జవాబు చెప్పాలి.

గడ్డి ఎండాకే అక్కడ రాయి బాగా కనిపిస్తుంది. దారి కోసం కొండని తొలిచిన చోట ఎర్రటి పొరలు చూడండి, పుస్తకం పేజీల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. చెర్ట్ అంటారు, మన చెకుముకి రాయి జాతి. అది ఒకప్పుడు లోతు సముద్రపు అడుగు. కంటికి కనబడనంత చిన్న జీవులు చచ్చి, వాటి గాజులాంటి పెంకులు అడుగున పేరుకుని రాయయ్యాయి. ఇనుము వల్ల ఆ ఎరుపు. సముద్రం కింది పలక ఖండం కిందికి దూరుతున్నప్పుడు ఆ పొరల్ని ఇటు గీకి పడేసింది. అంటే మీరు బే ఒడ్డున కొండెక్కుతూ నిజానికి సముద్రం అడుగున నడుస్తున్నారు.

మధ్యలో రెడ్ హిల్ అని ఒక గుట్ట ఉంది, 291 అడుగులు. మిషన్ పీక్ పక్కన పెడితే పిట్టగోడంత. పైనుంచి బే అంతా కనిపిస్తుంది. కానీ నౌపడా గారూ, నాన్నగారిని ఎక్కించకండి. తారు ఉండదు, వదులు రాళ్లు జారతాయి. ఎక్కడం కాదు సమస్య, దిగడం.

ఇంకో మాట. అక్కడ తూయిబున్ ఓలోనీ అనే ఇక్కడి ఆదివాసీ జనం ఊరు కట్టుకుని బతికారు. వాళ్లు తిని పడేసిన ఆల్చిప్పలు దిబ్బలయ్యాయి, ఆ దిబ్బల వయసు రెండు వేల ఏళ్ల పైమాటే. ఆ చోటికి సొంతంగా వెళ్లనివ్వరు, పార్కువాళ్లు నడిపే కార్యక్రమాల్లోనే చూడాలి. విజిటర్ సెంటర్‌లో తూయిబున్ల గురించి బాగా పెట్టారు. సోమ, మంగళ వారాలు మూసేస్తారు, శనివారం కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

ఎత్తుకొండ
ఓకే, సముద్రం అడుగు అన్న మాట బాగుంది అన్నా. ఒప్పుకున్నా. అయినా అసలు సముద్రమే చూపించాలంటే హాఫ్ మూన్ బే పక్కకి వెళ్లొచ్చు కదా?

చింతచిగురు
వెళ్లొచ్చు. గంటసేపు కారులో కూర్చుని, అక్కడ మంచులో వణికి, మళ్లీ గంట కూర్చుని రావాలి. పసిఫిక్ ఒడ్డున ఎండాకాలం పొద్దున పూట పొగమంచు, చలిగాలి మామూలే. మనవాళ్లు సముద్రం అనగానే పల్చటి చీర, లుంగీ అనుకుని బయల్దేరతారు. బే వైపు అయితే ఉదయం ప్రశాంతం. మధ్యాహ్నం అయ్యేసరికి ఇక్కడా గాలి లేస్తుంది, అందుకే ఎనిమిదికి అన్నాను.

పిట్టలదొర
నౌపడా అన్న పేరు చూసి ఆగాను. మాది పలాస. మీ ఊరి పక్కనే తేలినీలాపురం కదా! అయితే నాన్నగారికి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది.

ఈ నెలల్లో బేలో తెల్ల గూడబాతులు ఉంటాయి. ఇక్కడివాళ్లు పెలికన్ అంటారు. తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి బూడిద రంగువి. ఇవి తెల్లవి, రెక్కల అంచు నలుపు, రెక్క చాస్తే తొమ్మిది అడుగులు. పసిఫిక్ ఒడ్డున ఉండే గోధుమరంగు పెలికన్‌లా పైనుంచి నీళ్లలోకి దూకవు. పదీ పదిహేనూ ఒక వరస కట్టి, చేపల్ని లోతు తక్కువ వైపు తోలుకుంటూ పోయి, అన్నీ ఒకేసారి ముక్కులు ముంచుతాయి. మన ఊళ్లో చెరువులో వల లాగుతున్నట్టే ఉంటుంది.

(తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మనూళ్లో అందరూ చెప్తారు. ఆ బూడిద గూడబాతులూ, రంగుల కొంగలూ దక్షిణాసియా పక్షులే. ఈ మాట మా నాన్నకి చెప్తే వారం రోజులు నాతో మాట్లాడలేదు. మీరు చెప్పకండి.)

చిత్తడి వైపు జమ్ము, తుంగ ఏపుగా ఉంటాయి. అందులో కొంగలు చూడండి. గుట్ట మీద గాల్లో ఒకే చోట నిలబడి రెక్కలు కొట్టుకుంటూ కిందికి చూసే తెల్ల గద్ద ఒకటి ఉంటుంది, ఎలుక కోసం. బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్లండి, నాన్నగారి మెళ్లో వెయ్యండి. చేతిలో పని ఉన్న మనిషి నడుస్తాడు.

మినపట్టు
చివరి వాక్యం మా ఆవిడకి పంపించాను. నా చేతికి వ్యాక్యూమ్ క్లీనర్ వచ్చింది.

నౌపడా_వాడు
అందరికీ థాంక్స్. ఎనిమిదికి, ఉత్తరం వైపు, టోపీలు, బైనాక్యులర్ (పక్కింటివాళ్లది). ఆదివారం వచ్చి చెప్తాను.

నౌపడా_వాడు
వెళ్లొచ్చాం. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

8:10కి కారు ఆపాం. మొదటి పావుగంట నాన్న మొహం నిన్నటి ఉప్మాలా ఉంది. ఎండు గడ్డి చూసి "ఇదేటిరా, మన గుట్టలు కూడా ఇలాగే ఉంటాయి, దీనికి ఐదు డాలర్లా" అన్నారు. డాలర్‌ని రూపాయల్లోకి మార్చి ఆ లెక్క కూడా చెప్పారు. జమ్ము చూపిస్తే మాత్రం ఆగారు. "మన దగ్గర చాపలు అల్లుతారు" అన్నారు. బైనాక్యులర్ మెళ్లో వేస్తే మొదట వద్దన్నారు, తర్వాత తియ్యలేదు.

ఈలోగా అమ్మ కనబడలేదు. వెనక్కి చూస్తే దారి పక్కన నా అంత ఎత్తు మొక్క దగ్గర నిలబడి ఆకు నలిపి వాసన చూస్తోంది. సోంపు! అడవి సోంపు, గింజ పట్టి ఉంది, బోలెడు. "ఇంత సోంపు ఇలా గాలికి వదిలేశారేట్రా వీళ్లు" అని అప్పటికే కొంగు పరిచింది. పార్కులో ఆకు కూడా కొయ్యకూడదమ్మా అంటే "ఎవరు చూస్తారు" అంది. సరిగ్గా అప్పుడే ఒక ముసలాయన కుక్కతో ఎదురొచ్చి నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పాడు. అమ్మ కొంగు దులిపేసుకుంది.

కొండ చివర తిరిగాం. బే కనబడింది. మా ఆవిడ, పిల్ల ఫోటోలు తీసుకుంటున్నారు. నాన్న కదలడం లేదు. బైనాక్యులర్ పెట్టుకుని నీళ్లకేసి చూస్తున్నారు. గూడబాతులు కనబడ్డాయేమో అనుకున్నా. కాదు. ఆ గట్లు చూస్తున్నారు. నీళ్లని పలకలు పలకలుగా విడదీస్తూ సన్నటి మట్టి గట్లు ఉంటాయి కదా.

"ఒరే, ఇవి ఉప్పు మడులు కావేట్రా?"

నాకు తెలీదు. పదకొండేళ్లుగా ఆ పక్కనే డంబార్టన్ బ్రిడ్జి మీద ఆఫీసుకి పోతున్నాను, ఒక్కసారి కూడా అవి ఏమిటని అడగలేదు. ఫోన్లో చూస్తే నిజమే. సౌత్ బే అంతా వందేళ్లకు పైగా ఉప్పు పండించిన చోటు.

మా తాతది నౌపడా ఉప్పు కొఠార్లలో కూలి పని. నాన్న కూడా పదిహేనేళ్ల వయసు దాకా మడుల్లో దిగారు. ఈ సంగతి నాకు తెలుసు గానీ, ఇంట్లో ఎప్పుడూ పెద్దగా మాట్లాడుకోలేదు. అక్కడి నుంచి ఇంక ఆయన ఆగలేదు. గట్టు ఏ వాలుకి ఉందో, నీళ్లు ఏ మడిలోంచి ఏ మడిలోకి వదులుతారో, మడి అడుగు కాలితో తొక్కి తొక్కి గట్టిపరచకపోతే ఉప్పులో మన్ను ఎలా కలుస్తుందో, పాదాలు ఎలా పగిలేవో అన్నీ చెప్తూ నడిచారు. ఎత్తులు ఎక్కారు, పల్లాలు దిగారు, మా ఆవిడ వెనకాల రొప్పుతోంది. మోకాలి మాటే లేదు.

సన్నజాజి గారూ, ఇప్పుడు మీరు తిట్టాలి. మాత్ర సంగతి నేను అడగడం మర్చిపోయాను. సరిగ్గా సగం దారిలో, వెనక్కి వెళ్లినా ముందుకి వెళ్లినా ఒకటే దూరం ఉన్నచోట, నాన్న ఉప్పు కథ ఆపి "ఇక్కడ బాత్రూమ్ ఎక్కడుంది" అన్నారు. చుట్టూ మోకాలెత్తు గడ్డి, చెట్టు లేదు, ఎదురుగా సైకిళ్ల గుంపు. ఆ మిగిలిన దూరం ఆయన నడిచిన వేగం చూస్తే మిషన్ పీక్ బ్రోకి కూడా ముచ్చటేసేది.

మొత్తం రెండు గంటల పది నిమిషాలు.

సన్నజాజి
తిట్టను గానీ, నవ్వాగడం లేదు. అంకుల్‌గారికి నమస్కారం చెప్పండి.

చింతచిగురు
అమ్మగారికి ఒక హెచ్చరిక. కొయ్యకూడదన్నది ఒక సంగతి. ప్రమాదం అంతకంటే పెద్దది. సోంపు లాగే కనిపించే విషపు మొక్క హెమ్లాక్ ఈ ప్రాంతమంతా పెరుగుతుంది, అదీ అదే కుటుంబం. కాడ మీద ఊదారంగు మచ్చలుంటాయి, సోంపు వాసన ఉండదు. రెండూ పక్కపక్కనే ఉంటే చేతికొచ్చింది ఏదో తెలీదు. సోంపు ఇండియన్ స్టోర్‌లో కొనుక్కోమనండి.

ఫిబ్రవరి, మార్చిలో ఆవిడ మళ్లీ వస్తే మాత్రం చూపించండి. కొండలన్నీ పచ్చగా, ఆవచెట్లు పసుప్పచ్చగా పూసి ఉంటాయి. అప్పుడు కొంగు కట్టేసి తీసుకెళ్లాలి.

నౌపడా_వాడు
అమ్మకి చదివి వినిపించాను. "మచ్చలు లేవు, నేను చూశాను" అంటోంది. కోసిందా లేదా అన్నది చెప్పడం లేదు.

నాన్న ఒక ప్రశ్న అడగమన్నారు. ఇక్కడ నీళ్లు వదిలిన దగ్గర్నుంచి ఉప్పు చేతికి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఎవరికైనా తెలుసా?

గులకరాయి
దాదాపు ఐదేళ్లు. బే నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తూ ఎండకీ గాలికీ చిక్కబరుస్తారు. నీళ్లు చిక్కబడేకొద్దీ రంగు మారుతుంది. మొదట పచ్చగా, ఉప్పు బాగా ఎక్కాక గులాబీ, ఇటిక రంగు. ఆ ఉప్పులోనూ బతికే నాచు, బ్యాక్టీరియా వల్ల ఆ రంగులు. విమానం దిగేటప్పుడు కిటికీలోంచి కనిపించే ఎర్ర నీళ్లు అవే.

ఇప్పుడు అన్నీ ఉప్పు పండించేవి కావు. 2003లో ప్రభుత్వం 15,100 ఎకరాల మడుల్ని ఉప్పు కంపెనీ దగ్గర తీసుకుంది. గట్లకి గండ్లు కొట్టి, ఆటుపోట్లు లోపలికి రానిచ్చి, మెల్లగా మళ్లీ చిత్తడి నేల చేస్తున్నారు. కొన్నిటిని పక్షుల కోసం మడులుగానే ఉంచారు.

నౌపడా_వాడు
ఐదేళ్లా అని నాన్న నవ్వుతున్నారు. "మాకు సంక్రాంతి వెళ్లాక మడి కడితే వానలు పడేలోపు కుప్పలు పడాలి. ఐదేళ్లు ఆగితే మేం తినేదేటి?" అట. గండ్లు కొట్టారన్న మాట మాత్రం ఆయనకి నచ్చలేదు. కట్టిన గట్టుకి చేతులారా గండి కొట్టడం ఏమిటని అరగంట వాదించారు. పక్షుల కోసం అని చెప్తే "తేలినీలాపురంలో పక్షులకి ఎవడు గండి కొట్టాడు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పిట్టలదొర
తేలినీలాపురంలో ఊరి జనమే వాటిని కాచుకుంటారండీ. ఆడపడుచులు పుట్టింటికి వచ్చినట్టు చూస్తారు. ఇక్కడ ఆ పని చట్టం చేస్తోంది. అందరూ ఒప్పుకోరేమో గానీ, మడులన్నీ మూసేయాలని నేనూ అనను. ఉప్పుగా ఉండే నీళ్లలోనే బతికే పిట్టలు కొన్ని ఉన్నాయి, వాటికి మడులే ఇల్లు.

భీమిలి_గాలి
నేను వైజాగ్ నుంచి చదువుతున్నాను. పెద్దవాళ్లు తిరిగొచ్చాక ఇలాంటి నడకే కావాలంటే తొట్లకొండ ఉంది కదండీ. భీమిలి రోడ్డులో, మంగమారిపేట దగ్గర. పైదాకా రోడ్డు ఉంది. కారు పైన ఆపుకుని, బౌద్ధుల విహారాల పునాదుల మధ్య చదునుగా తిరగొచ్చు. ఎటు చూసినా సముద్రమే. వాన నీళ్లు పట్టడానికి రాతిలో తొలిచిన తొట్లున్నాయి, కొండకి పేరు వాటి వల్లే. అక్కడ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. నీడ మాత్రం అక్కడా తక్కువే, పొద్దున్నే వెళ్లాలి.

ఎత్తుకొండ
అన్నా, నిన్న నేనూ ఒక్కడినే వెళ్లా కయోటీ హిల్స్‌కి. పరిగెత్తితే 40 నిమిషాలు. గట్లు చూశా. ఇన్నాళ్లూ రోడ్డు అనుకున్నా వాటిని. గూడబాతులు పన్నెండు లెక్కపెట్టా.

నౌపడా_వాడు
నాన్నకి చెప్పాను, "పరిగెత్తితే పన్నెండే కనబడతాయి, మేం ముప్పై చూశాం" అన్నారు. (చూడలేదు.)

ఇంకో ప్రశ్న. దూరం నుంచి కాదట, గట్టు మీదకి వెళ్లి, కొఠారు ఎలా ఉండేదో దగ్గరగా చూడాలట. అలాంటి చోటుందా?

గులకరాయి
కయోటీ హిల్స్‌లో గట్ల మీదకి ఎక్కడపడితే అక్కడ వెళ్లనివ్వరు. హేవర్డ్ పక్కన ఈడెన్ లాండింగ్‌కి తీసుకెళ్లండి. పాత ఉప్పు కొఠారు శిథిలాలున్నాయి, వరసలుగా చెక్క గుంజలు, మధ్యలోంచి చదునైన మట్టి దారి. మోకాలికి అస్సలు ఇబ్బంది లేదు. నీడ లేదు. బాత్రూమ్ సంగతి ముందే చూసుకుని వెళ్లండి.

నౌపడా_వాడు
శనివారం ఎనిమిదికి బయల్దేరుతున్నాం. డాక్టర్‌ని అడిగాను, మాత్ర తిరిగొచ్చాకే. బైనాక్యులర్ పక్కింటివాళ్లకి ఇంకా ఇవ్వలేదు, నాన్న ఇవ్వనివ్వడం లేదు.